ఆకులే ఆకులు, పువ్వేది? జెరేనియం ఉత్తరాలకు జవాబులు

కుండీ మొక్కల మీద ఉత్తరాలు రాయమని అడిగితే ఈసారి కట్టలో సగం జెరేనియం గురించే వచ్చాయి. రాసిన తీరు వేరు గానీ అందరి బాధా ఒకటే, మొక్క బతికే ఉంది, పువ్వు మాత్రం లేదు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, ఒక్కో ఉత్తరానికి ఒక్కో జవాబు రాస్తున్నాను.

అమ్మా, మా బాల్కనీలో జెరేనియం పెట్టి ఎనిమిది నెలలైంది. ఆకులు అరచేయంత ఉన్నాయి, ముదురు పచ్చగా చూడ్డానికి ఎంతో ఆరోగ్యంగా ఉన్నాయి, కొమ్మలు కూడా బాగా పొడుగ్గా పెరిగాయి. కానీ నర్సరీ నుంచి తెచ్చినప్పుడు ఉన్న రెండు గుత్తులు రాలిపోయాక మళ్ళీ మొగ్గే వేయలేదు. పదిహేను రోజులకోసారి వర్మీకంపోస్ట్, నెలకోసారి యూరియా నీళ్ళు ఇస్తున్నాను. ఇంకా ఏం వేయాలి?

ఇంకేమీ వేయకండి తల్లీ. ముందు వేస్తున్నవి ఆపండి.

మీ ప్రశ్నలోనే జవాబుంది. ఆకు అరచేయంత అయిందన్నారు, కొమ్మ సాగిందన్నారు. ఒకసారి ఆ కొమ్మ దగ్గర కూర్చుని కణుపుకీ కణుపుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. ఎండలో పెరిగిన జెరేనియంకి కణుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఆకు కాస్త చిన్నదిగా, మందంగా, మధ్యలో గోధుమరంగు వలయం స్పష్టంగా కనిపిస్తూ ఉంటుంది. మీ మొక్కకి ఆ ఖాళీ రెండు మూడు వేళ్ళు పట్టేంత ఉండి, కొమ్మలన్నీ ఒకే వైపుకి వాలి, వలయం వెలిసిపోయి ఉంటే అది వెలుతురు చాలక దాని కోసం మెడ చాస్తోందని అర్థం. దాన్నే మనం ఏపుగా పెరిగిందనుకుంటాం.

జెరేనియంకి రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. మూడు నాలుగు గంటలు పడితే చావదు, ఎప్పుడో ఒక గుత్తి కూడా వేస్తుంది, అంతకన్నా ఆశ పెట్టుకోవద్దు. చేమంతి అయితే రాత్రులు పొడుగయ్యాయా లేదా అని లెక్క చూసుకుని మొగ్గ తొడుగుతుంది. ఇళ్ళలో మామూలుగా పెంచుకునే జెరేనియంకి ఆ లెక్క లేదు, రోజు మొత్తం మీద ఆకుకి ఎంత వెలుతురు అందిందన్నదే ముఖ్యం. అది చాలినన్నాళ్ళూ ఏ నెలైనా పూస్తుంది, చాలకపోతే ఎన్నాళ్ళైనా ఆకులే వేస్తుంది.

ఇక్కడ మన కళ్ళే మనల్ని మోసం చేస్తాయి. "మా బాల్కనీ చాలా వెలుతురుగా ఉంటుంది" అని అందరూ రాస్తారు. కంటికి ఇంట్లో నీడ కూడా వెలుతురుగానే కనిపిస్తుంది, ఎందుకంటే కన్ను వెంటనే సర్దుకుపోతుంది, ఆకుకి ఆ వీలు లేదు. అందుకని ఒక చిన్న పని చేయండి. కుండీ ఉన్నచోట ఆకుల మీద జానెడు ఎత్తులో మీ చెయ్యి అడ్డం పెట్టి నీడ చూడండి. వేళ్ళు విడివిడిగా, అంచులు గీత గీసినట్టు కనిపిస్తే అది ఎండ. మసకగా ఒక మచ్చలాగ పడితే అది వట్టి వెలుతురు. ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటకోసారి ఇలా చూసి ఎన్ని గంటలు గీత నీడ పడిందో కాగితం మీద రాసుకోండి. మీకు మూడు కూడా రాకపోవచ్చని నా అనుమానం.

నేను కూడా దీన్ని ఎరువుతోనే సరిచేయాలని చూసినదాన్నే. ఒకే తల్లి మొక్క నుంచి రెండు కొమ్మలు నాటి, ఒకటి మెట్ల పక్కన నీడలో, ఒకటి పిట్టగోడ మీద పెట్టాను. మెట్ల పక్కది వెనకబడిందని దానికే ఎక్కువ ఎరువు వేశాను, దాంతో అది గుబురుగా ఆకు వేసింది. గోడ మీద దాన్ని దాదాపు మర్చిపోయాను, దానికేమో ఒకేసారి ఐదు గుత్తులు. అదే మట్టి, అదే నీళ్ళు. ఆ రోజు రెండు కుండీలనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను, అప్పటి నుంచి పువ్వు లేదని ఎవరు చెప్పినా నా మొదటి ప్రశ్న ఎండ ఎన్ని గంటలు అనే.

ఇక యూరియా. అందులో 46 శాతం నత్రజని, నత్రజని ఎక్కువైతే మొక్క బలమంతా ఆకు మీదే పెడుతుంది. వెలుతురు తక్కువ, నత్రజని ఎక్కువ, ఈ రెండూ కలిస్తే మీ దగ్గర ఉన్న మొక్కే వస్తుంది. రెండు నెలలు ఏ ఎరువూ వద్దు. కుండీని ఎండలోకి మార్చండి, కానీ ఒక్కరోజులో మార్చకండి, నీడలో పెరిగిన ఆకు పల్చగా ఉంటుంది, నేరుగా ఎండ తగిలితే తెల్లగా మాడిపోతుంది. మొదటి రెండు రోజులు ఉదయం గంటసేపు, తర్వాత రెండు గంటలు, ఇలా వారం పది రోజుల్లో అలవాటు చేయండి. అలవాటయ్యాక సాగిన కొమ్మల పొడుగులో పై మూడో వంతు కత్తిరించేయండి, కింద పక్క కొమ్మలు వస్తాయి. కత్తిరించాక మొగ్గ కనపడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఈ మధ్యలో కంగారుపడి మళ్ళీ ఏదో ఒకటి పోయకండి, దయచేసి. కొత్త చిగుళ్ళు గట్టిపడ్డాక, నత్రజని కన్నా పొటాష్ ఎక్కువున్న ఎరువుని డబ్బా మీద రాసినదాంట్లో సగం మోతాదుకి కలిపి పదిహేను రోజులకోసారి ఇస్తే సరిపోతుంది.

మాది అసలు నీడ సమస్యే కాదండీ. మేడ మీద రోజంతా ఎండే. చలికాలమంతా గుత్తులు గుత్తులుగా పూసి, వేసవి ముదిరేసరికి మొత్తం ఆగిపోయింది. ఆకుల అంచులు కూడా ఎర్రబడుతున్నాయి. మొక్క పోయినట్టేనా?

పోలేదండీ, వేడికి ఆగింది అంతే.

ఎండ కావాలంటే వేడి కావాలని కాదు, ఈ రెండూ వేరు. జెరేనియంకి బాగా నచ్చేది పగలు 18 నుంచి 24 డిగ్రీలు, రాత్రి 13 నుంచి 18 డిగ్రీలు. 30 దాటి రోజుల తరబడి అలాగే ఉంటే కొత్త మొగ్గలు తగ్గుతాయి, వేసిన మొగ్గలు కూడా విచ్చుకోకుండా ఎండిపోతాయి. పగటి వేడిని కాస్తో కూస్తో ఓర్చుకుంటుంది గానీ రాత్రి కూడా చల్లబడకపోతే దానికి తేరుకునే సమయమే ఉండదు. పగలు ఆకు తయారు చేసుకున్న ఆహారంలో ఎక్కువ భాగం వేడి రాత్రి ఊపిరి తీసుకోవడానికే ఖర్చైపోతుంది, ఇక పువ్వుకేం మిగులుతుంది చెప్పండి.

మేడ మీద కుండీలకి ఇంకో బాధ ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. నల్ల ప్లాస్టిక్ కుండీని మధ్యాహ్నం ఎండ పడేవైపు ఒకసారి చేత్తో ముట్టుకుని చూడండి. చెయ్యి వెంటనే వెనక్కి వచ్చేస్తే లోపల వేర్లు ఆ గోడకే ఆనుకుని ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. ఈ కాలంలో కుండీని ఉదయం పదకొండు దాకా ఎండ తగిలి, ఆ తర్వాత నీడ పడే చోటికి మార్చండి. కదపలేనంత బరువుంటే ఆ కుండీని ఇంకో పెద్ద మట్టి కుండీలో దించి మధ్య ఖాళీలో ఎండుటాకులు నింపండి, లేదా ఎండ పడేవైపు ఖాళీ కుండీ ఏదైనా అడ్డం పెట్టండి. గచ్చుకి ఆనకుండా కింద రెండు ఇటుకలు పెట్టండి. మట్టి మీద కొబ్బరి పీచు పరవండి. ఎరువు మాత్రం ఇవ్వకండి, వేసవి నడిమధ్యన గట్టిగా కత్తిరించకండి, ఆగిపోయిన మొక్కని లేపాలని చూస్తేనే పోతుంది. రాత్రులు చల్లబడడం మొదలయ్యాక అదే చిగురేస్తుంది, అప్పుడు మొగ్గలు వస్తాయి.

అంచులు ఎర్రబడడం గురించి అడిగారు. వేడికీ, నీళ్ళు మరీ ఆరిపోయినా, రాత్రి బాగా చలి వేసినా, భాస్వరం అందకపోయినా అలా అవుతుంది. ఈ కాలంలో మీ మేడ మీదైతే వేడి, దాహమే అయ్యుంటుంది.

అక్కా, మొగ్గలు బోలెడు వస్తాయి. గుత్తి వంగి కిందకి చూస్తూ ఉంటుంది, ఇంకో రెండు రోజుల్లో విచ్చుకుంటుందనగా మొగ్గలు గోధుమరంగుకి తిరిగి ఎండిపోతాయి. ఏడిపిస్తోంది. ఎందుకిలా?

ఇది మూడు రకాలుగా జరుగుతుందమ్మా, ఏదో తేల్చాల్సింది మీరే. ఒక ఎండిన మొగ్గని తుంచి వెలుతురులో పట్టుకుని చూడండి.

గుండుసూది గుచ్చినంత రంధ్రం ఉంటే అది మొగ్గ తొలిచే పురుగు. గుత్తి కింద ఆకు మీద నల్లటి గసగసాల్లాంటి గుళికలు రాలి ఉంటాయి, అది దాని పెంట. మొగ్గని గోటితో చీలిస్తే లోపల సన్నటి పురుగు చుట్టుకుని ఉంటుంది, లేదా లోపలంతా తినేసి వట్టి డొల్ల మిగిల్చి పక్క మొగ్గకి వెళ్ళిపోయి ఉంటుంది. దాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే తిన్న రేకుల రంగే దానికీ వస్తుంది, ఎర్ర పూల మీద ఎర్రగా కనపడుతుంది. పొద్దుగూకాక టార్చి తీసుకుని వెళ్ళండి, ఆ వేళకి బయటికి వచ్చి తిరుగుతూ దొరుకుతుంది. చేత్తో ఏరేయడమే అన్నిటికన్నా మంచి మందు. కుండీలు ఎక్కువుంటే బీటీ మందు, అంటే పురుగుల్ని చంపే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా పొడి, సాయంత్రం పూట మొగ్గల మీద బాగా తడిసేలా కొట్టండి. పురుగు దాన్ని తింటేనే పనిచేస్తుంది, ఒకసారి మొగ్గ లోపలికి దూరాక దానికి మందు తగలదు, అందుకని మొగ్గలు చిన్నగా ఉన్నప్పటి నుంచే మొదలుపెట్టి వారానికోసారి కొట్టాలి.

రంధ్రం లేకుండా బూడిదరంగు నూగులాంటిది కనిపిస్తే అది బూజు తెగులు. చల్లటి, తేమగా, గాలి ఆడని రోజుల్లో వస్తుంది. రాలిన రేకులు తడి ఆకు మీద అతుక్కున్నచోట మొదలై అక్కడి నుంచి మొగ్గలకి పాకుతుంది. పువ్వుల మీద నీళ్ళు పోయకండి, కుండీలు ఒకదానికొకటి ఆనకుండా జరపండి, చెడిన గుత్తుల్ని కవర్లో వేసి పారేయండి, కుండీలో రాలనివ్వద్దు.

రంధ్రమూ లేదు, బూజూ లేదు, మొగ్గ మొత్తం కాగితంలా ఎండిందంటే మట్టి ఒకసారి పూర్తిగా ఎండిపోయి ఉంటుంది, లేదా పై జవాబులో చెప్పిన వేడి. మొగ్గలు గుత్తిగా ఉన్న రోజుల్లో నీళ్ళు మరిచిపోతే మొక్క ముందుగా వదులుకునేది వాటినే.

ముట్టుకుంటే చాలు రేకులు జలజలా రాలిపోతాయి. రోజూ ఊడవలేక చస్తున్నాను. ఇది జబ్బా?

జబ్బు కాదు, ఒంటి రేకుల రకాల తీరే అంత. పుప్పొడి అంటి పువ్వు పని అయిపోగానే మొక్కలో ఎథిలీన్ అనే వాయువు పుడుతుంది, దానికి జెరేనియం రేకులు చాలా తొందరగా రాలతాయి. మాగిన పండ్ల నుంచి కూడా ఇదే వాయువు వస్తుంది, అందుకని కుండీ ఇంట్లో ఉంటే పండ్ల బుట్ట పక్కన పెట్టకండి. ముద్ద పూల రకాలు రేకుల్ని ఎక్కువ రోజులు పట్టుకుంటాయి, కాకపోతే వానకి తడిస్తే గుత్తి లోపల నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది, కాబట్టి వాటిని చూరు కింద పెట్టుకోవాలి.

రేకులు రాలిన గుత్తిని మాత్రం వదిలేయకండి. చాలామంది పైన ఎండిన పూలు గిల్లేసి కాడని ఉంచేస్తారు. ఆ కాడని వేలితో కింద దాకా పోనిచ్చి, కొమ్మకి అంటుకున్నచోట పక్కకి వంచండి, టక్కుమని విరుగుతుంది. కత్తెర కూడా అక్కర్లేదు. విత్తు కట్టే పని తప్పితే ఆ బలం తర్వాతి గుత్తికి వెళ్తుంది.

మేడమ్, నా దగ్గర రెండు జెరేనియంలు. ఒకటి ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. ఇంకోదాని పూలు చాలా పెద్దవి, రేకుల మీద ముదురు మచ్చలు, ఆకు అంచులు రంపంలా ఉంటాయి. తెచ్చిన ఏడాది పూసింది, తర్వాత రెండేళ్ళుగా ఒక్క పువ్వూ లేదు. రెండూ పక్కపక్కనే, ఒకేలా చూస్తున్నాను.

ఒకేలా చూడడం వల్లే వచ్చింది చిక్కు. మీ రెండోది రీగల్ రకం. మొదటిదానికి వెలుతురు చాలితే చాలు, రీగల్‌కి అది సరిపోదు, మొగ్గ లోపల తయారవ్వాలంటే కొన్ని వారాలపాటు దాదాపు 15 డిగ్రీలకి అటూ ఇటూగా చల్లదనం కావాలి. రాత్రులు వెచ్చగా ఉండే చోట అది ఏళ్ళ తరబడి ఆకులతోనే ఉండిపోతుంది. నర్సరీవాళ్ళు దాన్ని చల్లటి చోట మొగ్గ తొడిగించి అమ్ముతారు, అందుకే మొదటి ఏడాది పూసింది. మీ దగ్గర చలికాలం రాత్రులు చల్లగా ఉంటే ఆ నెలల్లో దాన్ని ఇంట్లోకి తేకుండా, మంచు మాత్రం పడకుండా, ఎండ తగిలే చోట ఆరుబయటే ఉంచండి, నీళ్ళు తగ్గించండి. చలికాలం చివర్లో కత్తిరించకండి, కత్తిరిస్తే మొగ్గలు పోతాయి, పూత అయ్యాకే కత్తిరించాలి. మీ ఊళ్ళో అంత చలే రాదంటే నిజం చెప్పేస్తాను, ఆ రకం మీకు వద్దు. మంచి మొక్కే గానీ తప్పు చోట ఉంది.

పేరు సంగతి కూడా చెప్పాలి. మనం కుండీల్లో పెంచే ఇవన్నీ నిజానికి పెలార్గోనియంలు, ఎక్కువ జాతుల పుట్టిల్లు దక్షిణాఫ్రికా. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ అన్నిటినీ జెరేనియం కిందే రాశాడు, 1789లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త లెరిటియే వీటిని వేరు చేశాడు, కానీ అప్పటికే జనం నోట పాత పేరు స్థిరపడిపోయింది. తేడా పువ్వులోనే కనిపిస్తుంది. అసలు జెరేనియంకి ఐదు రేకులూ ఒకేలా ఉంటాయి, పెలార్గోనియంకి పై రెండూ ఒక తీరు, కింది మూడూ ఒక తీరు. ఇది ఊరికే తెలుసుకోవడానికి కాదు. అసలు జెరేనియంలు చలి దేశాల నేలలో పెరిగేవి, చాలావాటికి సగం నీడ చాలు, వాటి గురించి రాసిన సలహా చదివి మీ కుండీని నీడలో పెడితే పూత పోయినట్టే. విత్తనాలు, పుస్తకాలు కొనేటప్పుడు ఏ పేరు రాశారో చూసుకోండి.

కింది ఆకులు పసుపు పచ్చగా మారి రాలుతున్నాయి. రోజూ తప్పకుండా నీళ్ళు పోస్తున్నాను కూడా.

ఆ రోజూ పోయడమే కారణమై ఉంటుంది. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దింపి చూసి, పొడిగా తగిలితేనే పోయండి, పోసినప్పుడు మాత్రం కింద రంధ్రంలోంచి కారేదాకా పోయండి. జెరేనియం కాడ కండగా ఉంటుంది, నీళ్ళు దాచుకుంటుంది, ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే తట్టుకుంటుంది. తడి నిలిచిన మట్టిలో వేరు కుళ్ళుతుంది. మొదలు దగ్గర కాడ నల్లబడి మెత్తగా అయితే ఇక ఆ మొక్క దక్కదు, పైన బాగున్న కొమ్మ తుంచి కొత్త మట్టిలో నాటుకోండి.

కింది ఆకులు కాకుండా లేత ఆకులు పసుపు అయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే కథ వేరు. ఉప్పదనం, సున్నం ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి పోస్తే మట్టి క్షార గుణానికి తిరిగి ఇనుము వేరుకి అందదు. అప్పుడు వాన నీళ్ళు పట్టి పోయండి, మట్టి మార్చండి. అలాగని పుల్లటివన్నీ తెచ్చి కుమ్మరించకండి, ఆమ్ల గుణం మరీ ఎక్కువైతే ఇనుము, మాంగనీస్ ఎక్కువగా ఎక్కి ముదురు ఆకుల మీద తుప్పు చుక్కలు వస్తాయి. మట్టి పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 6 నుంచి 6.5 మధ్య ఉంటే దానికి హాయి.

బాగా పూయాలని పెద్ద కుండీలోకి మార్చాను. మూడు నెలలుగా పువ్వే లేదు.

పెద్ద కుండీలో వేరు చేరని మట్టి ఎక్కువ, ఆ మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మొక్క ముందు వేర్లు, ఆకులు పెంచుకునే పనిలో పడుతుంది. ఈసారి మార్చేటప్పుడు పాత కుండీ కన్నా రెండు వేళ్ళు వెడల్పున్నది చాలు. ఇప్పుడు మళ్ళీ తీయకండి, నీళ్ళు తగ్గించి ఆగండి.

మా అత్తగారు పెట్టిన జెరేనియం ఇది, ఐదేళ్ళ మొక్క. కింద అంతా చెక్కలా గట్టిపడి బోసిగా ఉంది, చివర మాత్రం నాలుగు ఆకులు, ఏడాదికి ఒకటో రెండో గుత్తులు. ఆవిడ ఇప్పుడు లేరు. తీసేయడానికి మనసు రావట్లేదు.

తీసేయకండమ్మా. అదే మొక్కని మీరు కొత్తగా మొదలుపెట్టొచ్చు. మరీ వేడి, మరీ చలి లేని రోజుల్లో చివర్ల నుంచి నాలుగు అంగుళాల ముక్కలు, పువ్వు లేనివి, కణుపు కిందగా పదునైన శుభ్రమైన కత్తితో కోయండి. పై రెండు మూడు ఆకులు ఉంచి మిగతావి తీసేయండి. కోసిన చోట తడి ఆరేదాకా కొన్ని గంటలు నీడలో వదిలేయండి. తర్వాత సగం ఇసుక, సగం కోకోపీట్ కలిపిన చిన్న కుండీల్లో గుచ్చి, నేరుగా ఎండ పడని వెలుతురులో పెట్టండి. గులాబీ కొమ్మలకి కప్పినట్టు ప్లాస్టిక్ కవర్ కప్పకండి, ఈ కండ కాడలు ఆ ఆవిరికి కుళ్ళిపోతాయి. మూడు నాలుగు వారాల్లో మెల్లగా లాగి చూస్తే మట్టిని పట్టుకుని ఉంటుంది. కనీసం ఆరు ముక్కలు పెట్టండి, అన్నీ దక్కకపోవచ్చు.

వేరు పట్టాక ఐదారు ఆకులు రాగానే కొస చిగురు గిల్లేయండి. పూత కొన్ని వారాలు వెనక్కి వెళ్తుంది గానీ ఒక కొమ్మ బదులు మూడు కొమ్మలు పూస్తాయి. పాత మొదలుని కూడా వెంటనే వదిలేయకండి, ముక్కలు తీసుకున్నాక దాన్ని ఎండలో పెట్టి నీళ్ళు తక్కువగా ఇస్తూ ఉండండి, ఆ చెక్క మీద పాత ఆకులు రాలిన గుర్తుల దగ్గర ఆవగింజంత పచ్చటి బుడిపెలు కనపడొచ్చు. కనపడితే ఆ పైన మిగిలిన కాడని అక్కడిదాకా కోసేయండి, కింద నుంచి మళ్ళీ పెరుగుతుంది. పూసినప్పుడు ఒక ఉత్తరం రాయండి.